సీ బుక్కులో రాయని సంగతి

పాఠకుల కార్ల సందేహాలకు, ఇరవై ఏడేళ్లు విజయవాడలో ఇన్సూరెన్స్ మోటారు సర్వేయరుగా పనిచేసిన మా శీర్షిక రచయిత జవాబులు

ప్రశ్న: సార్, మాది గుంటూరు, బ్రాడీపేట. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయన రోజూ మంగళగిరి వెళ్లి వస్తారు. పాప, అత్తగారు, మేమిద్దరం. మూడు నెలలు వెతికి విజయవాడలో పాత కార్లు అమ్మే ఒక కార్ కన్సల్టెన్సీలో ఒక బండి చూశాం. 2020 ఆగస్టు రిజిస్ట్రేషన్, ఏపీ 39 నంబరు, పెట్రోలు, ఏఎంటీ (ఆటోమేటిక్) గేర్లు, ఫస్ట్ ఓనర్, 31 వేల కిలోమీటర్లు. బయట ఇలాంటిది నాలుగు లక్షల నలభై వేలు చెబుతుంటే వీళ్లు మూడు లక్షల అరవై వేలకు ఇస్తామన్నారు. 20 వేలు అడ్వాన్సు కట్టాం. తర్వాత పాత ఇన్సూరెన్స్ కాగితం చూస్తే 2024 నవంబరు నుంచి ఒట్టి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికే పనికొచ్చే పాలసీ) మాత్రమే ఉంది. గట్టిగా అడిగితే, "వరదల్లో కొద్దిగా నీళ్లెక్కాయి మేడమ్, కంపెనీవాళ్లు టోటల్ లాస్ కింద డబ్బులిచ్చేశారు, మేము అన్నీ మార్చాం, సీ బుక్కు క్లియర్‌గా ఉంది" అన్నారు. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే నిజంగానే ఆర్‌సీ (సీ బుక్కు, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) యాక్టివ్ అని ఉంది. మా ఆయన తీసుకుందామంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ కారు తీసుకోవద్దు. ముందు ఆ మాట చెప్పేశాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. మీరు లెక్కల టీచరు కదా, లెక్కతోనే మొదలుపెడదాం.

ప్రతి పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే మొత్తానికి అదే హద్దు. కొత్త బండి షోరూమ్ ధరలోంచి వయసును బట్టి తగ్గిస్తూ పోతారు. ఆరు నెలలు దాటి ఏడాది లోపు బండికి 15 శాతం, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. మీరు చూసిన బండి కొత్తప్పుడు 7 లక్షలు అనుకోండి. 2024 ఆగస్టులో పాలసీ రెన్యువల్ చేసేనాటికి ఐడీవీ సుమారు 4 లక్షల 20 వేలు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కేస్తారు. ఈ బండికి ఆ గీత 3 లక్షల 15 వేల దగ్గర ఉంటుంది.

ఇప్పుడు వాళ్ల మాట మళ్లీ చదవండి. "కొద్దిగా నీళ్లెక్కాయి." కొద్దిగా నీళ్లెక్కితే 3 లక్షల 15 వేల ఎస్టిమేటు రాదమ్మా. కార్పెట్లు తడిస్తే అంత రాదు. సీట్లు తడిసినా అంత రాదు. ఇంజను, ఈసీఎం (ఇంజనును నడిపే కంప్యూటరు), గేర్‌బాక్సు కంట్రోలు, డ్యాష్‌బోర్డు వెనక వైరింగు, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు, వీటిలో చాలావాటికి నీళ్లు తగిలితేనే వస్తుంది.

ఆ ఎస్టిమేటు కంపెనీ వర్క్‌షాపుది. అన్నీ కొత్త పార్టులు, షోరూమ్ లేబరు. ఆ తర్వాత ఆ బండి వేలానికి వెళుతుంది. మా వాడుకలో దాన్ని సాల్వేజ్ అంటాం. ఉదాహరణకు ఒక వ్యాపారి దాన్ని లక్షా పది వేలకు పాడుకున్నాడనుకోండి. షెడ్డులో పెట్టి, ఉన్న ఈసీఎంనే ఆరబెట్టి, సీట్లు విప్పి కడిగించి, పాత పార్టులు నాలుగు వేసి, టింకరింగు, పెయింటింగు చేయించి తొంభై వేలతో నడిచేలా చేస్తాడు. రెండు లక్షల్లో తయారైన బండి మీ ముందుకు మూడు అరవైకి వస్తుంది. మీకు 80 వేలు కలిసొచ్చినట్టు కనిపిస్తుంది. కంపెనీ వర్క్‌షాపు మూడు లక్షలకు పైగా అవుతుందన్న పనిలో ఎంత జరగకుండా మిగిలిపోయిందో మీరే తీసివేత వేసి చూడండి.

టోటల్ లాస్ అన్న మాట వినగానే ప్రతి బండినీ పక్కన పెట్టేయమని నేను అనను. ఎనిమిదేళ్ల బండికి ఐడీవీ లక్షన్నర ఉంటే బానెట్టు, రెండు హెడ్‌లైట్లు, రేడియేటరు, ఒక డోరు పోయినా చాలు, లెక్క దాటిపోతుంది. చాసిస్‌కు, పిల్లర్లకు దెబ్బ ఉండదు. దొంగలు ఎత్తుకుపోయిన బండికి కంపెనీ డబ్బు కట్టేశాక, కొన్నాళ్లకు ఆ బండి దొరకడం కూడా ఉంటుంది. అలాంటివి సర్వే ఫోటోలు, రిపేరు బిల్లులు చూసి, ధర బాగా తగ్గించి కొనుక్కోమని నేనే ఒకరిద్దరికి చెప్పాను. బండి ఎందుకు టోటల్ అయింది, ఆ సంగతి అమ్మేవాడు ముందే చెప్పాడా లేదా, ఇవే నాకు ముఖ్యం. మీ బండి విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరదలో మునిగింది. పైగా మీరు డబ్బు కట్టి గట్టిగా అడిగాక గాని ఆ సంగతి బయటికి రాలేదు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక వైపు ఎలా ముంచెత్తాయో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అప్పటికి నేనింకా పనిలోనే ఉన్నాను. నీళ్లు తీశాక వరసగా ఆ వీధులే తిరిగాను. డోరు తీస్తే బురద నీళ్లు కాళ్ల మీద పడేవి. గ్లవ్ బాక్సులో సీ బుక్కు, పాప స్కూలు ఫీజు రసీదు, ఆంజనేయస్వామి బొమ్మ, అన్నీ ఒకే రంగులో ఉండేవి. అది ఒట్టి వాన నీరు కాదు. మురుగు, డీజిలు, ఒండ్రు అన్నీ కలిసిన నీరు, కొన్ని వీధుల్లో రోజుల తరబడి నిలబడిపోయింది. ఆ ఒండ్రు వైరింగు కనెక్టర్లలోకి వెళ్లి కూర్చుంటుంది. తడిని పట్టుకుని ఉంటుంది. లోపల రాగి మెల్లగా పచ్చబడుతుంది. ఈ రోజు అన్ని దీపాలూ వెలుగుతాయి. కొన్నాళ్లకు ఒక పవర్ విండో ఆగుతుంది, ఇంకొన్నాళ్లకు ఒక సెన్సరు పోతుంది. మీ ఆయన కాజ టోల్‌గేటు దగ్గర ఉన్నప్పుడు ఏఎంటీ గేరు పడకుండా పోవచ్చు. మెకానిక్ ఒక వైరు మారిస్తే ఇంకో వైరు దగ్గర మొదలవుతుంది.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఎయిర్‌బ్యాగ్. దాని కంట్రోలు పెట్టె చాలా కార్లలో గేరు లివరు కింద, దాదాపు నేల ఎత్తులోనే ఉంటుంది. ముందు మునిగేది అదే.

మా చెల్లెలి కొడుకు కథ చెప్పకుండా ఉండలేను. నన్ను అడగకుండానే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. మామయ్యను ఇబ్బంది పెట్టడం ఎందుకని అనుకున్నాడట. బండి మెరిసిపోతూ ఉండేది. నేనూ రెండుసార్లు ఎక్కాను, నాకూ అనుమానం రాలేదు. కొన్న ఏడాదిన్నరకు హనుమాన్ జంక్షన్ దాటాక ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీని గుద్దాడు. ముందు భాగం అంతా లోపలికి వచ్చింది గాని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. దవడ విరిగింది, ఆరు పళ్లు పోయాయి. ఆ తర్వాత నేనే స్టీరింగు మూత విప్పించి చూశాను. లోపల బ్యాగే లేదు. ఖాళీ. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూ ఉండకుండా ఒక చిన్న రెసిస్టరు వైరుకు కట్టి పెట్టారు. అర్ధ రూపాయి వస్తువు. కూపీ లాగితే, అంతకు రెండేళ్ల ముందు ఆ బండికి టోటల్ లాస్ కింద క్లెయిమ్ ఇచ్చారని తేలింది. సీ బుక్కులో మాత్రం ఒక్క మచ్చ లేదు. ఆ ఖాళీ స్టీరింగును నేను చేతుల్లో పట్టుకుని చూశాను. అందుకే మీ ఉత్తరం రాగానే మిగతావన్నీ పక్కన పెట్టి జవాబు రాస్తున్నాను.

"సీ బుక్కు క్లియర్" అన్న మాట అబద్ధం కాదమ్మా. దాని వల్ల మీకు ఉపయోగం లేదు, అంతే. మన దేశంలో ఇన్సూరెన్స్ కంపెనీ ఒక బండిని టోటల్ లాస్ కింద తేల్చినంత మాత్రాన ఆర్‌సీ మీద ఆ సంగతి ఎక్కదు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం, బండి ధ్వంసమైనా, శాశ్వతంగా పనికి రాకుండా పోయినా ఓనరు 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలిపి ఆర్‌సీ అప్పగించాలి. కానీ ఈ బండ్లు శాశ్వతంగా పనికి రానివి కావు, రిపేరు గిట్టుబాటు కానివి. ఆ తేడాలోంచి ఆర్‌సీ బతికి బయటపడుతుంది, బండితో పాటే చేతులు మారుతుంది. "ఫస్ట్ ఓనర్" అన్నదీ అంతే. మధ్యలో వేలం పాడినవాడు, షెడ్డువాడు, కన్సల్టెన్సీవాడు ఎవరూ పేరు మార్చుకోకపోతే కాగితం మీద ఎప్పటికీ ఫస్ట్ ఓనరే.

జాడ దొరికేది పాలసీల్లో. మీరు చేసిన పని అదే, చాలా సరైన పని. ఇది చదివే మిగతావాళ్లు కూడా ఏ పాత కారుకైనా గత మూడు నాలుగేళ్ల పాలసీ కాపీలు అడగండి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు శాతం) దగ్గర అంకె చూడండి. క్లెయిమ్ లేకపోతే ఏటా 20, 25, 35, 45, 50 అని పెరుగుతుంది, క్లెయిమ్ చేయగానే సున్నాకు పడుతుంది. మీ బండికి క్లెయిమ్ లేకుండా గడిచి ఉంటే 2024 ఆగస్టు పాలసీలో 45 ఉండాలి. ఆగస్టులో మొదలైన ఫుల్ పాలసీ మధ్యలో ఆగిపోయి, నవంబరులో ఒట్టి థర్డ్ పార్టీ మొదలైందంటే మధ్యలో ఏదో జరిగిందని అర్థం. ఆగస్టు నుంచి ఆగస్టుకు నడవాల్సిన పాలసీ నవంబరుకు ఎందుకు మారిందని అడిగితే చాలు, నిజం చెప్పేవాడెవరో, మాట దాటవేసేవాడెవరో తెలిసిపోతుంది. చాసిస్ నంబరు పట్టుకుని ఆ బ్రాండు సర్వీసు సెంటరుకు కూడా వెళ్లండి. 2024 సెప్టెంబరులో టోయింగ్ చేసి తెచ్చినట్టు ఒక ఎంట్రీ ఉండి, ఆ తర్వాత సర్వీసు రికార్డు ఖాళీగా ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆర్‌సీలో ఉన్న ఓనరు ఫోన్ నంబరు ఇవ్వమనండి. నీళ్లలో బండి పోగొట్టుకున్న మనిషి సాధారణంగా దాచడు. ఎంత ఎత్తు నీళ్లు వచ్చాయో గోడ మీద గీత చూపించినట్టు చెబుతాడు.

బండి దగ్గర నేను మొదట చేసే పని సీటు బెల్టు చివరిదాకా లాగడం. సీట్లు, కార్పెట్లు కొత్తవి వేస్తారు గాని బెల్టు లోపలి చుట్టను ఎవరూ కడగరు. చివర రెండు అడుగుల్లో మట్టి రంగు గీత కనబడుతుంది. తర్వాత సీటు కింద పట్టాల బోల్టులు, స్టెప్నీ కింద గుంత, డ్యాష్‌బోర్డు అడుగున టార్చి వేసి తుప్పు, ఒండ్రు. తెల్ల రుమాలుతో తుడిస్తే తెలుస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా దిగి వచ్చేయండి. అది సరిగ్గా ఆరినా సరిపోదని మా వాడి బండి చెప్పింది, అందుకే స్కానరు పెట్టించి, స్టీరింగు మూత కూడా విప్పించి చూడాలి. చాసిస్ నంబరు మీద పెన్సిలుతో ట్రేసింగు తీసి ఆర్‌సీతో అంకె అంకె పోల్చండి. టోటల్ బండి ఆర్‌సీని, నంబరును తెచ్చి దొంగ బండికి అంటించేవాళ్లూ ఉన్నారు.

ఇక మీ 20 వేలు. బండి మునిగిందన్న సంగతి దాచి అడ్వాన్సు తీసుకున్నారు. తెలిసిన సంగతిని కావాలని దాచడం కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసమే, 19వ సెక్షన్ కింద ఆ ఒప్పందం రద్దు చేసుకునే హక్కు మీకుంది. ఫోన్లో గొడవ పడొద్దు. వాట్సాప్‌లోనూ, రిజిస్టర్డు పోస్టులోనూ నాలుగు వాక్యాలు రాయండి: ఫలానా తేదీన అడ్వాన్సు ఇచ్చాం, ఫలానా తేదీన మీరే టోటల్ లాస్ అని చెప్పారు, ముందు చెప్పలేదు, డబ్బు వాపసు ఇవ్వండి. వాళ్ల చేత కూడా వాట్సాప్‌లోనే జవాబు రాయించండి. ఇవ్వకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. వాళ్లు వ్యాపారం చేసే డీలరు కాబట్టి ఈ దారి మీకు తెరిచి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న నిబంధన కూడా ఉంది. అది చూపించమని అడగండి.

మీ ఆయనకు ఈ మాట నా మాటగా చెప్పండి: బాబూ, పాపను ఎక్కించుకునే బండి ఇది. ఇంకో రెండు నెలలు పల్లెవెలుగు బస్సులో వెళ్లినా ఫర్వాలేదు.

ప్రశ్న: నమస్తే అండి. సింగ్‌నగర్ నుంచి రాస్తున్నాను. వరదలో నా కారు పోయింది. కంపెనీవాళ్లు టోటల్ లాస్ కింద డబ్బు ఇచ్చారు. మునిగిన బండిని వాళ్లు చూపించిన వ్యాపారికే ఇచ్చేశాను. కొన్ని ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. మొన్న నా ఫోనుకు ఏలూరులో సిగ్నల్ జంప్ చలానా వచ్చింది. బండి ఇంకా నా పేరు మీదే తిరుగుతోందా?

జవాబు: అవునండి, తిరుగుతోంది. చలానా మొత్తం చిన్నదే అయినా ఈ విషయాన్ని ఒక్క రోజు కూడా ఆపకండి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే, ఆర్‌సీలో పేరున్నవాడే ఓనరని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది. ఆ కేసులోనూ బండి ఒకరి నుంచి ఒకరికి నాలుగు చేతులు మారింది, పేరు మాత్రం మొదటి ఆయనదే ఉండిపోయింది. నష్టపరిహారం ఆయన మీద పడింది.

మీరు సంతకం పెట్టినవి బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 అయి ఉంటాయి. కొన్నవాడి పేరు, తేదీ ఖాళీగా ఉన్నాయా? చాలామంది అలాగే ఇచ్చేశారు. ఆ రోజుల్లో ఇంట్లో బురద ఎత్తుకుంటూ, బియ్యం కోసం చూసుకుంటూ ఉన్న మనిషికి ఫారం చదివే ఓపిక ఎక్కడిది? మీ తప్పుగా నేను అనను. కానీ ఇప్పుడు పని చేయాలి. క్లెయిమ్ సెటిల్‌మెంటు లెటరు, వ్యాపారి డబ్బు వేసిన బ్యాంకు ఎంట్రీ, బండి అప్పగించిన కాగితం, చలానాలో వచ్చిన ఫోటో, ఇవన్నీ జతచేసి ఆర్‌టీఓ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జిమెంటు తీసుకోండి. బండి అమ్మినవాడు 14 రోజుల్లో తెలపాలన్నది చట్టంలో ఉంది, ఆలస్యమైనా ఇవ్వడం మేలు. వ్యాపారికి, క్లెయిమ్ ఇచ్చిన కంపెనీకి అదే ఉత్తరం కాపీ పంపండి. వ్యాపారి ఫోన్ ఎత్తకపోతే, బండి ఎవరి దగ్గరుందో చెప్పకపోతే మీ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. ఎంపరివాహన్‌లో ఆ నంబరుకు థర్డ్ పార్టీ పాలసీ నడుస్తోందా లేదా అన్నది ఈ రోజే చూడండి. లేకపోతే ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి. మునిగిన బండిని మళ్లీ ఎవరో తెలియనివాళ్లకు అమ్మి ఉంటే, వాళ్లకు కూడా మీ ద్వారానే నిజం తెలిసే అవకాశం ఉంది. వాళ్లు ఎప్పుడైనా ఫోన్ చేస్తే నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో దాచకుండా చెప్పండి.

ప్రశ్న: అంకుల్, నాది కానూరు. నా కారు ఎయిర్‌బ్యాగ్ ఒకసారి ఓపెన్ అయింది. షోరూమ్‌లో చాలా రేటు చెప్పారు. ఆటోనగర్‌లో టోటల్ బండి నుంచి తీసిన ఎయిర్‌బ్యాగ్ తక్కువకే ఇస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

జవాబు: వద్దు నాన్నా. టోటల్ బండి నుంచి డోరు, బానెట్టు, అద్దాలు, సీట్లు, టెయిల్ ల్యాంపులు నిక్షేపంగా వాడుకోవచ్చు, అందులో ఆటోనగర్ వాళ్ల చేతి పని గొప్పది. ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు, బ్రేకు పార్టులు మాత్రం కాదు. ఆ బ్యాగు నీళ్లలో నానిందో, ఎన్నేళ్లు ఎక్కడ పడి ఉందో బయటికి చూస్తే తెలియదు, పెట్టి పరీక్షించే వీలూ లేదు. అది పనిచేస్తుందో లేదో తెలిసేది గుద్దిన రోజే. బ్యాగు తెరుచుకున్నప్పుడు సాధారణంగా సీటు బెల్టు టెన్షనరు (గుద్దినప్పుడు బెల్టును బిగించే భాగం) కూడా పేలి ఉంటుంది, దాన్ని కూడా మార్చాలి. కంట్రోలు మాడ్యూలు సంగతి షోరూమ్ వాళ్లనే స్కాన్ చేసి చెప్పమను. ఇప్పుడు అంత డబ్బు లేకపోతే, సమకూరేదాకా ఆగి అన్నీ కలిపే వేయించు. అంతవరకు ముందు సీట్లో నీ పక్కన ఎవరినీ కూర్చోబెట్టకు, వెనక సీట్లో బెల్టు పెట్టించి కూర్చోబెట్టు. బిల్లు మీద పార్టు నంబరు రాయించుకోవడం మర్చిపోకు. రేపు నువ్వు ఆ కారు అమ్మేటప్పుడు, కొనేవాళ్లు అడగకపోయినా ఆ బిల్లు చూపించు.